గోడ మీద రెండు పెట్టెలు

జాస్ టాలెంటైర్ తీసిన మొదటి నలభై ఫొటోల్లో ఉడుత లేదు. తోక ఉంది. కొన్నింట్లో తోక కూడా పూర్తిగా లేదు, చివర రెండు వేళ్ళ మేర మాత్రం పడింది. మిగతా ఉడుత అప్పటికే కొమ్మ అవతలికి వెళ్ళిపోయింది. ఆ కొండ లోయలో ముప్ఫై నాలుగేళ్ళు పాల ట్యాంకర్ నడిపిన మనిషి, ఎంత ఇరుకు గేటులోంచైనా గీత పడకుండా బండిని వెనక్కి పెట్టగలిగినవాడు, గుప్పెడంత ఎర్ర ఉడుత ముందు చేతులెత్తేశాడు.

"తోకల మీద పుస్తకమేమైనా వేస్తున్నావా?" అన్నాడు పక్కింటి డగీ బ్యూషర్, ఆ ఫొటోలన్నీ చూసి. కెమెరా డగీదే. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసి తీసి, ఇంక నవ్వమని ఎవర్నీ అడగలేనని మానేసినవాడు. "పెళ్ళికూతురైతే ఆగమ్మా అంటే ఆగుతుంది. దీనికి చెప్పలేం కదా. అందుకని నువ్వే ముందు గురి పెట్టుకుని కూర్చోవాలి. అది వచ్చే చోటు నువ్వు చూసుకో. వచ్చే టైము దాని ఇష్టం."

"వచ్చే చోటు నాకెలా తెలుస్తుందిరా?"

"హెస్టర్ పెట్టిన గింజల పెట్టె ఉందిగా, మొద్దూ. నీ ఇంట్లో నీకు తెలిసిందేముంది గనక!"

అది నిజమే. ఇంటి వెనక సూదుల్లాంటి ఆకులున్న స్ప్రూస్ చెట్టుకి ఆ పెట్టె పన్నెండేళ్ళుగా వేలాడుతోంది. ముందు గాజు పలక, పైన మడత మూత. ఉడుత వచ్చి తలతో మూత ఎత్తి, ఒక గింజ తీసుకుని తల బయటికి లాగేసరికి మూత టక్కున పడుతుంది. ఆయన భార్య హెస్టర్ వంటింట్లో గిన్నెలు తోముతూనే ఆ చప్పుడు విని ఏ ఉడుత వచ్చిందో చెప్పేది. జాస్ పేపర్లోంచి తలెత్తకుండా ఊఁ కొట్టేవాడు. పన్నెండేళ్ళు ఊఁ కొట్టాడు. ఇప్పుడు తలుచుకుంటే తన్ను తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్నింట్లోకి గట్టిగా మూత పడేసేది ఫ్లో. ఎడమ చెవి చివర చిరిగి ఉంటుంది. పిలవకుండా వచ్చి, అందరికంటే ముందు తిని, పక్కవాళ్ళని తరిమేస్తుంది కాబట్టి హెస్టర్ దానికి జాస్ మేనత్త పేరు పెట్టింది. మేనత్త అప్పటికి బతికే ఉంది. ఆ సంగతి తెలిసి రెండేళ్ళు క్రిస్మస్‌కి రావడం మానేసింది, మళ్ళీ ఉడుతలాగే పిలవకుండా వచ్చింది.

నవంబరులో ఒక పొద్దున హెస్టర్ చేతిలోంచి టీ కప్పు జారింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. దగ్గరి పట్నం పెన్రిత్‌లో అలాంటివాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి ఉంటే అక్కడికి పంపారు. మెట్ల ఇల్లు, బరువైన మనిషి, డెబ్బై రెండేళ్ళ మొగుడు. జాస్ ఒప్పుకున్నాడు. ఐదు నెలలు ఆమె నోట "ఊఁ", "కాదు" తప్ప ఇంకో మాట లేదు. బడి వంటగదిలో మూడు వందలమంది పిల్లల్ని ఒక్క గొంతుతో వరసలో నిలబెట్టిన మనిషి ఆమె.

మాటలు ఎలాగూ లేవని జాస్ ఫొటోలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. ఆదివారం ఆదివారం ఒకటి. తోకలనీ ఆమె బాగానే చూసేది. ఏప్రిల్‌లో మొదటిసారి ఫ్లో మొత్తంగా పడింది, కొమ్మ మీద బోర్లా కాకుండా కాస్త పక్కకి ఒరిగి. హెస్టర్ ఎడమచేత్తో ఆ ఫొటో కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దాని పొట్ట మీద వేలు పెట్టి, "పిల్లలు" అంది.

జాస్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆ మాట మళ్ళీ అనిపించాడు. వాళ్ళిద్దరికీ పిల్లలు లేరు కాబట్టి ఎవరి పిల్లలని అడగాల్సిన పని లేదు. పరీక్షగా చూస్తే ఫ్లో పొట్టకింద చనుకట్లు ఉబ్బి ఉన్నాయి. ఎక్కడో గూట్లో పిల్లలు పెట్టబోతోంది.

"తెస్తాను," అన్నాడు. "పిల్లలు గూట్లోంచి దిగంగానే ఫొటో తీసుకొచ్చి చూపిస్తా. సరేనా?"

"ఊఁ," అంది.

ఒక మాట తిరిగొచ్చిందంటే ఇంకోటీ వస్తుందేమోగాని మాటిచ్చి చెప్పలేనన్నాడు డాక్టరు. జాస్ మొదటి ముక్కే విన్నాడు. ఒక్కో ఫొటోకి ఒక్కో మాట చొప్పున వస్తే, శీతాకాలానికి ఆమె ఇంటికి వచ్చేస్తుందని కిందిగదిలో మంచం ఎక్కడ వెయ్యాలో కొలిచి సుద్దతో గీతలు కూడా గీసుకున్నాడు. ఇంత ఆశ ఆయన మొహంలో ఎవరికీ కనిపించేది కాదు. ఆ లోయ మనుషుల మొహాలే అంత.

మే అంతా, జూన్ అంతా పాత సామాన్ల షెడ్డులో, అద్దం తీసేసిన కిటికీ వెనక కూర్చున్నాడు. ఫ్లాస్కులో టీ, మోకాలి మీద అల్లం కేకు ముక్క. పెట్టె మూత మీదే గురి. ఫ్లో వచ్చేది, టక్కుమనిపించేది, పోయేది. ఒక్కతే. ఇంకా పిల్లలు దిగలేదు. ప్రతి ఆదివారం హెస్టర్ ఫొటో చూసి "పిల్లలు?" అని అడిగేది. ప్రతి ఆదివారం ఆయన, "వచ్చే వారం" అనేవాడు.

జూలై మొదట్లో మార్జొరీ మౌన్సీ వచ్చింది. లోయలో ఎర్ర ఉడుతల సంఘం ఆమెది. సంఘం అంటే ఆమే, ఆమె బండే, ఆమె గట్టి గొంతే. గేటు దగ్గరే ఆగి, రబ్బరు బూట్లతో లోపలికి రాకుండా అక్కణ్ణించే మాట్లాడింది.

"వాగు అవతల మిల్లు దగ్గర ఒకటి దొరికింది, జాస్. మశూచి. కళ్ళ చుట్టూ, మూతి చుట్టూ పుళ్ళు. బూడిద ఉడుతలెక్కడివో దిగాయి, అవి మోసుకొస్తాయి, వాటికేం కాదు, చచ్చేది మనవి. పెట్టె దించెయ్. ఇవాళే."

"ఎన్నాళ్ళు?"

"చివరి రోగపు ఉడుత దొరికాక ఆరు వారాలు."

"పిల్లలు దిగే వేళమ్మా ఇది."

"అందుకేగా చెప్పేది! రోగం ఉన్నదీ లేనిదీ అన్నీ ఒకే మూత కింద తల దూర్చి అదే చెక్కకి మూతి రాసుకుంటాయి. గింజలు పొయ్యిలో వెయ్యి. పెట్టె మందునీళ్ళతో కడిగి గోడ మీద బోర్లించు, రేపు పొద్దున బండిలో పోతూ చూస్తా." అని, గేటు మీద చెయ్యి వేసి కాస్త మెత్తబడింది. "దించమంటే జనం ఒక్కొక్కరూ ఒక్కో ఏడుపు ఏడుస్తారు. నీతో ఆ బాధ లేదు. హెస్టర్ మొగుడివి."

అది ఆ ఊరి పద్ధతి. జబ్బు వచ్చిందంటే ఇంటింటి పెట్టే ఇంటి ముందు రాతి గోడ మీద బోర్లా పడాలి. పెట్టె లేని గోడని దారిన పోయే ప్రతివాడూ చూస్తాడు, చూసి ఏమీ అనడు. ఆ అనకపోవడం తట్టుకోవడం కష్టం.

మర్నాటి పొద్దుటికి జాస్ గోడ మీద పెట్టె ఉంది. శుభ్రంగా కడిగి, బోర్లించి ఉంది. మార్జొరీ బండి ఆపకుండానే చెయ్యూపి వెళ్ళింది.

కాని ఆ ఇంట్లో పెట్టెలు రెండు. హెస్టర్ మొదట్లో వాడిన పాతది షెడ్డులో పూలకుండీల వెనక పడి ఉంది. ఆ సంగతి జాస్‌కీ హెస్టర్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. ముందురోజు సాయంత్రమే దాన్ని తీసి, దుమ్ము దులిపి, దారిలోంచి కనపడకుండా షెడ్డు వెనక లార్చ్ చెట్టుకి కట్టాడు. ఒక్క వారం. పిల్లలు దిగడం, ఒక్క ఫొటో, అంతే, వెంటనే దించేస్తాననుకున్నాడు. మిల్లు ఎక్కడ, తన ఇల్లెక్కడ, మధ్యలో వాగు ఉందిగా అనుకున్నాడు. ఉడుతలకి వాగు మీద చెట్లు వంతెనలని పన్నెండేళ్ళపాటు హెస్టర్ చెబుతుంటే ఊఁ కొట్టిన మనిషికి ఆ ముక్క గుర్తు రాలేదు. లేదా గుర్తొచ్చిందేమో, వద్దనుకున్నాడు.

ఒక వారం కాస్తా రెండయింది. డగీ ఒకసారి గోడ మీంచి తొంగిచూసి, "పెట్టె దించేశాక కూడా ఆ షెడ్డులో ఏం చేస్తున్నావు? ఎవర్నన్నా దాచావా?" అన్నాడు.

"కుండీలు సర్దుతున్నా."

"రెండు వారాల్నించా? బకింగ్‌హామ్ ప్యాలెస్ తోట కూడా ఇంత సర్దరు."

జాస్ నవ్వలేదు. అబద్ధం చెప్పడం ఆయనకి అలవాటు లేక, చెప్పిన ప్రతిసారీ మెడ ఎర్రబడేది.

మూడో శనివారం పొద్దున, వాన వెలిసి చెట్టు బోదెలింకా కారుతుండగా, ఫ్లో వచ్చింది. వెనకే, బోదె మీద తలకిందులుగా, ఒకదాని తోక ఇంకోటి తొక్కుతూ రెండు పిల్లలు దిగాయి. తల్లికంటే నల్లగా ఉన్నాయి, తోకలు సన్నగా ఉన్నాయి. జాస్ కెమెరా ఎత్తాడు. అన్నింటికంటే ఆశ్చర్యం ఏమిటంటే ఫ్లో ఆగింది. ఎన్నడూ రెండు క్షణాలు ఒకచోట నిలవని ఫ్లో పెట్టె మూత మీద ముందుకాళ్ళు ముడుచుకుని, నెమ్మదిగా, కెమెరా వంకే మొహం పెట్టి కూర్చుంది. పిల్లలు దాని చుట్టూ తిరిగాయి. ఆయన పదకొండు ఫొటోలు తీశాడు. పదకొండూ స్పష్టంగా వచ్చాయి.

నన్ను నమ్మింది, అనుకున్నాడు జాస్. ఇన్ని నెలలు కూర్చోగా కూర్చోగా చివరికి నేనెవరో దానికి తెలిసింది. షెడ్డులో ఒంటరిగా నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ప్రింటు తీయించడానికి డగీ దగ్గరికి వెళ్ళలేడు కదా, పెట్టె ఎక్కడిదంటాడు. పెన్రిత్‌లో మందుల షాపులో ఉన్న మెషీనులో పెట్టి అన్నింట్లోకి మంచిది ఒకటి పెద్దగా తీయించాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండేళ్ళ తరవాత టై కట్టుకుని హోముకి వెళ్ళాడు.

"ఇదుగో," అన్నాడు. "పిల్లలు. రెండు. మాటిచ్చానా లేదా?"

హెస్టర్ మొహమంతా విచ్చుకుంది. పని చెయ్యని వైపు కూడా కొంచెం కదిలిందని ఆయన చివరిదాకా అంటూ ఉండేవాడు. ఒక పిల్ల మీద వేలు పెట్టింది, రెండోదాని మీద పెట్టింది. "పిల్లలు," అంది. "పిల్లలు."

తరవాత ఆ వేలు ఫ్లో మీదికి వెళ్ళింది. చిరిగిన చెవి, భుజం, మొహం. అక్కడ ఆగింది. ఆమె ఫొటోని కిటికీ వెలుగుకి తిప్పింది. చాలాసేపు చూసింది. నవ్వు మెల్లగా పోయింది. ఫ్లో కుడి కన్ను మీద గోటితో రెండుసార్లు కొట్టింది.

"వెలుగు అలా పడిందిలే," అన్నాడు జాస్. "ఆకు నీడ."

"కాదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు. రెప్పల చుట్టూ తడి అంటిన మట్టిలా ఏదో కట్టింది. మూతి మూల కూడా. మెషీను ముందు నిలబడి పది నిమిషాలు ఈ ఫొటోనే మురిసిపోయి చూశాడు, అది కనిపించలేదు. ఫ్లో ఎందుకు కదలకుండా కూర్చుందో అప్పుడు అర్థమైంది. నమ్మి కాదు. ఓపిక లేక.

హెస్టర్ వేలు కన్ను మీంచి కిందికి జరిగి పెట్టె మీద ఆగింది. అది తన పాత పెట్టె అని ఆమెకి తెలుసు, మూత మీద మడతబందు తను బిగించిందే. ఆయన వంక చూసింది. ఆ చూపుకి ఆయన తల వంచుకున్నాడు. ఆమె నోరు తెరిచింది, పెదవి ఒక వైపు వణికింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. మెడ నరాలు బిగిశాయి.

"దించు," అంది.

ఏప్రిల్ నుంచీ ఆయన ఎదురుచూసిన కొత్త మాట అదే.

"దించు. దించు, జాస్."

తన పేరు కూడా వచ్చింది. ఇలా వస్తుందని ఆయన అనుకోలేదు. ఆమె ఎడమచెయ్యి పట్టుకుని, "దించేస్తా, ఇప్పుడే వెళ్ళి దించేస్తా," అని ఏడ్చేశాడు. టీ తెచ్చిన హోము అమ్మాయి గుమ్మంలోనే ఆగిపోయి మెల్లగా వెనక్కి వెళ్ళింది.

ఆ సాయంత్రమే పాత పెట్టె దించాడు. గింజలు పొయ్యిలో వేశాడు. మందునీళ్ళలో రెండుసార్లు తోమాడు, చేతులు మండిపోయాయి. దాన్ని మళ్ళీ కుండీల వెనక దాచెయ్యొచ్చు, ఎవరికీ తెలియదు. చేతిలో పట్టుకుని షెడ్డు దగ్గర కాసేపు నిలబడ్డాడు. తరవాత ఇంటి ముందుకి నడిచి, మొదటిదాని పక్కనే గోడ మీద బోర్లించాడు. ఆ ఇంటికి ఒక్క పెట్టేనని ఊరందరికీ తెలుసు. రెండోది ఇవాళ ఎక్కడినించి వచ్చిందో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. లోపలికి వెళ్ళి మార్జొరీకి ఫోను చేసి అన్నీ చెప్పాడు.

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు వల బోను తెచ్చి లార్చ్ చెట్టు కింద పెట్టింది. మంగళవారం పొద్దున ఫ్లో అందులో పడింది. పారిపోవాలని కూడా చూడలేదట. ఇంక బతకనిదాన్ని బాధ లేకుండా చంపే పనేదో మార్జొరీయే బండి వెనక చేసి, గోనెగుడ్డలో చుట్టుకుని వెళ్ళింది. పిల్లల జాడ లేదు. ఆ వారంలోనే వాగు పక్కన ఇంకో రెండు పెద్ద ఉడుతలు దొరికాయి, చచ్చి.

"నా పెట్టె వల్లేనా?" అని అడిగాడు జాస్.

"ఎవరికి తెలుస్తుంది?" అంది మార్జొరీ. బండి తలుపు వేసుకుంటూ ఆగింది. "తెలిసినా నీకు చెప్పను. ఎలాగూ రోజూ నిన్ను నువ్వు అడుగుతూనే ఉంటావు."

డగీ ఆ వారమంతా గోడ పక్కనుంచి వెళ్తూ రెండు పెట్టెలనీ చూశాడు. ఒక్క ఎకసెక్కం కూడా ఆడలేదు. శుక్రవారంనాడు మాత్రం గుమ్మంలో ఒక కొత్త బ్యాటరీ పెట్టి వెళ్ళాడు, కెమెరాది. ఇంక దానితో తీసేదేముందని జాస్‌కి బోధపడలేదు.

కాని ఆదివారం ఉత్త చేతులతో వెళ్ళలేడు. దించానని ఆమెకి చూపించాలి. గోడకి ఎదురుగా నిలబడి రెండు పెట్టెల ఫొటో తీశాడు. కదలని వస్తువులు, చక్కగా వచ్చాయి.

హెస్టర్ ఆ ఫొటో ఒడిలో పెట్టుకుంది. ఒక పెట్టె మీద వేలు వేసింది, రెండోదాని మీద వేసింది, "ఊఁ" అంది. ఆయన ఫ్లో సంగతి చెప్పాడు. దాచకుండా చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుంది. కిటికీ బయట ఎవరో గడ్డి కోస్తున్నారు.

కళ్ళు తెరిచాక ఆమె ఆ ఫొటోనే మళ్ళీ చూసింది. పెట్టెలు దాటి, గోడ పొడవునా, రాయి తరవాత రాయిగా. అంచు దాకా వెళ్ళి ఆగింది.

"పిల్లలు," అంది.

"అవి లేవు, హెస్టర్," అన్నాడు జాస్. "కనపడలేదు. రోజూ చూస్తున్నా."

"కాదు!" విసుగ్గా ఆయన చెయ్యి లాగి ఫొటో అంచున పెట్టింది. గోడ చివర రాయి మీద ఏదో చెత్త. స్ప్రూస్ కాయలు, పచ్చివి, నాలుగైదు. ఉడుతలు కాయ పొలుసులన్నీ వలిచేసి, లోపలి గింజలు తిని, కండె మిగిల్చి పారేస్తాయి, అది జాస్‌కీ తెలుసు. ఇవి అలా లేవు. ఒకటి సగం కొరికి వదిలేసింది. ఒకటి అడ్డదిడ్డంగా. ఒకదాన్ని చివర కాక మధ్యలో మొదలుపెట్టి నానా అవస్థా పడ్డట్టుంది. పని రానివాళ్ళు చేసిన పని. తల్లి నేర్పకుండానే పోతే మిగిలినవాళ్ళు, పెట్టె లేకుండా తమంతట తాము తిన్న తిండి.

"పిల్లలు," అని మళ్ళీ అంది హెస్టర్. ఈసారి ఆమె అడగడం లేదని, చెబుతోందని ఆయనకి తెలిసింది.

మంగళవారం సాయంత్రం జాస్ ఇంటి వెనక స్ప్రూస్ కొమ్మల కింద, పెరటి గోడ మీద కూర్చున్నాడు. హెస్టర్ ఎప్పుడూ కూర్చునే చోటదే. గింజలు పెట్టలేదు. కెమెరా వంటింటి బల్ల మీదే ఉంది. మూత చప్పుడు లేని పెరడు అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకి ఇన్నేళ్ళూ తెలియదు. గంట గడిచింది. కాలు తిమ్మిరెక్కింది. పైనుంచి పచ్చి పొలుసు ఒకటి రాలి ఆయన చొక్కా చేతి మీద పడింది. వెంటనే ఇంకోటి.

"హెస్టర్! ఇలా రా, తొందరగా!" అని వంటింటి వైపు తిరిగి అరవబోయాడు. నోరు తెరిచాక గుర్తొచ్చింది.

పైన కొమ్మల్లో కొరుకుతున్న చప్పుడు ఆగలేదు. ఆ పొలుసులు రెండూ ఏరి, పోకుండా రుమాల్లో మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆదివారానికి ఇంకా ఐదు రోజులుంది.